బత్తాయి తోటకు 2013 మోడల్ పాత డీజిల్ పికప్ తీసుకోవచ్చా, తీసుకుంటే ఎలా చూసుకోవాలి?

నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర ఆరెకరాల బత్తాయి తోట ఉన్న సోదరులు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 2013 మోడల్ డీజిల్ పికప్ ఒకటి అమ్మకానికి వచ్చింది. మీటరు 1,80,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ట్రాక్టరు తప్ప మరో డీజిల్ బండిని సొంతంగా చూసుకున్న అనుభవం ఆయనకు లేదు. తోట కాయను మార్కెట్టుకు తోలుకోవడానికి, మిగతా రోజుల్లో కిరాయిలకు తిప్పుకోవడానికి ఆ బండి తీసుకోవచ్చా, తీసుకుంటే ఎలా కాపాడుకోవాలి, పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను నిషేధిస్తారన్న మాట నిజమేనా అని అడిగారు.

తీసుకోవచ్చు. కాని ఇంజిన్ కంటే ముందు ఛాసిస్ (బండి బరువంతా మోసే అడుగు ఇనుప చట్రం) చూడండి, ధరలో కనీసం ఐదో వంతు డబ్బు విడిగా చేతిలో ఉంచుకోండి, మొదటి నెల బండిని సంపాదనకు కాక మరమ్మతుకు కేటాయించండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఈ బండిని వదిలి మరో బండి కోసం చూడటమే మంచిది.

నేను మిర్యాలగూడ, హాలియా ప్రాంతంలో 2004 నుంచి పికప్పులు తిప్పుతున్నాను. ఇప్పటివరకు ఐదు బండ్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి, ఐదూ పాతవిగా కొన్నవే. బియ్యం, బత్తాయి, సిమెంటు, పశువుల దాణా, పెళ్ళి సామాను అన్నీ మోశాను. పాత డీజిల్ ఇంజిన్ వయసు వల్ల పోవడం నేను చాలా అరుదుగా చూశాను. అది వేడి వల్ల, దుమ్ము వల్ల, డీజిల్‌లో చేరిన నీళ్ళ వల్ల పోతుంది. ఈ మూడూ చాలావరకు యజమాని చేతిలో ఉన్నవే కాబట్టి, ట్రాక్టరును శ్రద్ధగా చూసుకున్న మీకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ముందు ఛాసిస్ సంగతి. ఇంజిన్ పాడైతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. ఛాసిస్ పగిలిన బండికి ఎంత వెల్డింగ్ చేయించినా, లోడుతో గుంతలో పడిన ప్రతిసారీ ఆ పగులు పక్కకు పాకుతూనే ఉంటుంది. బండి కిందికి పడుకుని దూరి, టార్చిలైటు వేసి, వెనక ఇరుసుకు పైన ఉన్న భాగాన్ని, కమాన్ పట్టీల (ఇరుసు మీద లోడు మోసే స్ప్రింగు పట్టీల) బ్రాకెట్లు ఛాసిస్‌కు తగిలే చోటును వేలితో తడుముతూ చూడండి. పగులు ఉన్న చోట రంగు మీద వెంట్రుక మందాన తుప్పు గీత కనిపిస్తుంది. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. చిన్న సుత్తితో అడుగు అడుగుకూ తట్టండి: మంచి ఇనుము గణగణమంటుంది, లోపల తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. మా బంధువు ఒకరు ఇంజిన్ శబ్దం బాగుందని మురిసి ఒక బండి కొన్నారు. అది ఏళ్ళ తరబడి ఎరువుల బస్తాలు మోసిన బండి. యూరియా, పొటాష్ బస్తాల నుంచి రాలిన పొడి వానకు తడిసి తొట్టి సందుల్లోంచి కిందికి కారి, పైకి ఏమీ కనిపించకుండానే ఛాసిస్‌ను తినేసింది. ఎనిమిది నెలల్లో వెనక బ్రాకెట్ ఊడిపోయింది. అందువల్ల బండి ఇదివరకు ఏ సరుకు మోసిందో తప్పకుండా అడగండి. చేపలు, ఎరువులు, ఉప్పు మోసిన బండి అయితే ధర ఎంత తగ్గించినా నేను తీసుకోను.

కమాన్ పట్టీలను కూడా లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చిన వాటికంటే అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించి ఉంటే, ఆ బండి బరువుకు మించి మోసిందన్నమాట. టన్నుంపావు బండి మీద రెండున్నర టన్నులు వేయడం మన వైపు కొత్త కాదు. అలాంటి బండికి క్లచ్, క్రౌన్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్లు), వెనక బేరింగులు అన్నీ తమ ఆయుష్షులో సగం ముందే ఖర్చు చేసి ఉంటాయి. మీటరు మీద అంకె కంటే ఈ పట్టీలు చెప్పే చరిత్రే నమ్మదగినది. ఇక్కడే మరో విషయం: కొన్ని పికప్పులకు వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు ఒకటి ఉంటుంది. లోడు పడి తొట్టి కిందికి దిగినప్పుడు అది వెనక చక్రాలకు బ్రేకు పెంచుతుంది. అదనపు పట్టీలు వేయిస్తే లోడు వేసినా తొట్టి దిగదు, వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. బలం పెంచామనుకుని బ్రేకు పోగొట్టుకున్న వాళ్ళు చాలామంది ఉన్నారు.

తర్వాత ఇంజిన్. దాన్ని తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచిన బండి మీకు ఏమీ చెప్పదు. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజిన్ ఒకటి రెండు సెల్ఫులకు అందుకోవాలి. మొదట్లో కాస్త తెల్లపొగ వచ్చి నిమిషంలో తగ్గిపోతే కంగారు పడనక్కర్లేదు. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కు, దాని పై మూత అయిన హెడ్‌కు మధ్య ఉండే పొర) మీద అనుమానం పెట్టుకోండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. అది ఎయిర్ ఫిల్టర్ మార్చినంత మాత్రాన పోవచ్చు, డీజిల్ చల్లే నాజిల్లు, దాన్ని పంపే పంపు దాకా కూడా వెళ్ళవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి అదే రంధ్రం మీద ఊరికే పెట్టండి. మూత కొద్దిగా వణకడం సహజం. అది ఎగిరి పక్కన పడినా, రంధ్రంలోంచి కుక్కర్ ఆవిరిలా పొగ పుంజుకుని వచ్చినా పిస్టన్ రింగులు, బోర్లు (పిస్టన్లు కదిలే సిలిండర్ గోడలు) అరిగినట్టే. అంటే త్వరలో పూర్తి ఇంజిన్ పని ఉంటుంది. ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చును మొత్తంగా తీసేసి మాట్లాడండి. అలాగే ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించి చూడండి. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ లోపలి గాలి నీళ్ళలోకి వస్తోందని అర్థం. వేడి మీద మాత్రం ఆ మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు, ముఖం కాలిపోతుంది.

2013 మోడల్ కావడం ఒక విధంగా మీకు అనుకూలం. దేశమంతటా బండ్ల పొగ కాలుష్యానికి పెట్టిన బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. మీ బండి అంతకు ముందుది కాబట్టి చాలావరకు కంప్యూటరు లేని మెకానికల్ డీజిల్ పంపుతోనే ఉంటుంది. పంపు పని తెలిసిన మేస్త్రి నల్గొండలో, మిర్యాలగూడలో దొరుకుతాడు. కంప్యూటరుతో డీజిల్ చల్లే కామన్ రైల్ ఇంజిన్ అయితే అది మైలేజీలోనూ శబ్దంలోనూ మెరుగే గాని, అందులో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వెళుతుంది, చుక్క నీళ్ళను కూడా సహించదు. మొదటి బండికి, ఊళ్ళో ఉండే మనిషికి, మెకానికల్ పంపే సుఖం అని నా అభిప్రాయం.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. 2013లో మన జిల్లాలో రిజిస్టర్ అయిన బండికి ఏపీ 24 నంబరు ఉంటుంది, పాలమూరుదైతే ఏపీ 22 ఉంటుంది. ఏపీ 07 లాంటి గుంటూరు నంబరు అయితే అది 2014 తర్వాత వేరే రాష్ట్రపు బండి కింద లెక్క; అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి పన్ను, కొత్త నంబరు అన్నీ పడతాయి. కృష్ణ దాటి వచ్చే బండ్లు మన వైపు ఎక్కువే కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫైనాన్స్ తీరిందా, పన్ను, చలాన్లు ఏమైనా బాకీ ఉన్నాయా చూసుకోండి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి, వయసు పెరిగిన బండికి ఆ ఫీజు కూడా ఎక్కువే. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోలు మించకపోతే పర్మిట్ అవసరం లేదు. కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్సు, 30 రోజుల్లో ఆర్‌సీ మీ పేరు మీదికి మార్చడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. సంతకాలు పెట్టించుకున్న ఖాళీ ఫారాలతో ఏళ్ళ తరబడి తిప్పవద్దు. మీకు ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు ఉంటే చాలు. 7,500 కిలోల లోపు రవాణా బండి దానితో నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా దాన్నే ఖాయం చేసింది.

పదేళ్ళ డీజిల్ బండ్ల నిషేధం మీరు విన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినది. మన దగ్గర ఫిట్‌నెస్ వచ్చినంత కాలం బండి నడుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే కొన్న తర్వాతి మొదటి నెలకు వద్దాం. పాత యజమాని ఆయిలు మొన్ననే మార్పించానని చెప్పినా సరే, నమ్మి వదిలేయకండి. ఇంజిన్ ఆయిలు, ఆయిలు ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, గేర్ బాక్సు ఆయిలు, క్రౌన్ ఆయిలు, బ్రేకు ఆయిలు, కూలెంటు, ఫ్యాన్ బెల్టు అన్నీ ఒకేసారి మార్చండి. గట్టిపడిన డీజిల్ రబ్బరు పైపులు, రేడియేటర్ హోస్ పైపులు కూడా అప్పుడే తీసేయండి. ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉండి, అది ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే దాన్నీ మార్పించండి. అది తెగితే వాల్వులు వంగిపోతాయి. ఆ రోజు తేదీ, మీటరు అంకె ఒక నోటుబుక్కులో రాసుకోండి. అప్పటి నుంచి బండి చరిత్ర మీకు తెలిసిన చరిత్ర అవుతుంది.

నీళ్ళ గురించి నేను ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా మొదటి ఇంజిన్ పోయింది ఇక్కడే. మన నల్గొండ బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు, గిన్నెలో కాచితే అడుగున తెల్లగా పొర కడుతుంది. అవే నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే, ఇంజిన్ లోపలి సన్నని దారుల్లోనూ అదే పొర కడుతుంది. నేను కొన్న మొదటి బండికి మూడు ఎండాకాలాలు బోరు నీళ్ళే పోశాను. అప్పటికే దానికి ఇంజిన్ వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వు కూడా లేదు. వేడెక్కుతోందని ఎవరో తీసేశారు, నాకు ఆ సంగతి తెలియదు. మే నెలలో దాణా లోడుతో డిండి దాటి పోతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఇంకో పది కిలోమీటర్లే కదా అని నడిపాను. మన్ననూరు చేరేసరికి లాగడం తగ్గిపోయి, ఆపితే మళ్ళీ స్టార్ట్ కాలేదు. హెడ్ విప్పి చూస్తే వంగిపోయి ఉంది. రేడియేటర్‌ను కోసి చూపించారు: గొట్టాల లోపల సున్నం గట్టిపడి, సగానికి పైగా దారులు అగ్గిపుల్ల కూడా దూరనంతగా మూసుకుపోయాయి. ఆ సీజను కిరాయిలన్నీ ఆ పనికే ఖర్చయ్యాయి.

అందువల్ల కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయండి. దారిలో తప్పనిసరై మామూలు నీళ్ళు పోస్తే, ఇంటికి వచ్చాక మొత్తం వదిలించి మళ్ళీ నింపండి. థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుందని చెప్పే మేస్త్రి మాట వినవద్దు. అది దాదాపు 80 డిగ్రీలు దాటాక తెరుచుకునే తలుపు. అది లేకపోతే చలికాలం ఇంజిన్ తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, బోర్లు అరుగుతాయి; ఎండాకాలం వేడెక్కడానికి అసలు కారణమేమో దాగిపోతుంది. రేడియేటర్ రెక్కల సందుల్లో వరి పొట్టు, పురుగులు, దుమ్ము పేరుకుంటాయి. కోతల కాలంలో కల్లాల దగ్గర తిరిగిన బండికి వారం వారం ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టించండి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగి మరింత నష్టం. ముల్లు మామూలు చోటు దాటి పైకి కదిలిందంటే పక్కకు తీసి ఆపండి, ఎంత దగ్గర ఊరైనా సరే.

డీజిల్‌లో నీళ్ళు రెండో శత్రువు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ పట్టి అడుగుకు దిగుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలే మర ఉంటుంది. వారానికొకసారి గాజు గ్లాసు కింద పెట్టి, ఆ మర వదులు చేసి, వంద మిల్లీలీటర్లు పట్టి వెలుతురులో చూడండి. నీళ్ళు ఉంటే డీజిల్ కింద విడిగా పొరలా, పాదరసం గుండ్లలా కదులుతూ కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి మర బిగించండి. సాయంత్రం బండి పెట్టే ముందు ట్యాంకు నింపడం మంచి అలవాటు. పూర్తిగా అయిపోయేదాకా నడిపితే డీజిల్ పైపుల్లోకి గాలి చేరుతుంది, అంటే ఎయిర్ పడుతుంది. అలా పట్టినప్పుడు ఊరికే సెల్ఫ్ కొట్టి బ్యాటరీని చంపకుండా, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతి ప్రైమర్ కొట్టాలి. ట్రాక్టరు మీద ఈ పని మీరు చేసే ఉంటారు. పది రూపాయలు తక్కువని డబ్బాల్లో అమ్మే డీజిల్ మాత్రం పోయవద్దు.

దుమ్ము మూడోది. తోట బాటల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు సరిపోదు. ఎయిర్ ఫిల్టర్‌ను పదిహేను రోజులకొకసారి తీసి లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టించండి, నేలకేసి కొట్టవద్దు. దీపం లోపల పెట్టి చూస్తే ఎక్కడైనా వెలుగు చుక్కలా కనిపించిందంటే అది చిరిగింది, మార్చేయాలి. ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే రబ్బరు గొట్టం క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా ఇంజిన్ బోరులోకి పోతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయిలు 15డబ్ల్యూ-40 రకం, మీ బండి పుస్తకంలో చెప్పిన గ్రేడుది వాడండి. మన దుమ్ములో పాత ఇంజిన్‌కు నేను 7,000 కిలోమీటర్లకే మారుస్తాను. మార్చిన మరునాడే నల్లబడితే బెంగ వద్దు, డీజిల్ ఇంజిన్ ఆయిలు స్వభావమే అది. పాలు కలిపిన టీ రంగులోకి వస్తే మాత్రం నీళ్ళు కలిశాయి, బండి కదిలించవద్దు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రం) ఉంటే, లోడుతో గట్టిగా నడిపి వచ్చాక ఒక నిమిషం ఊరికే నడవనిచ్చి అప్పుడు ఆపండి.

బ్రేకు ఆయిలు రెండేళ్ళకొకసారి మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడలు మెత్తగా దిగిపోతుంది. శ్రీశైలం కిరాయి వస్తే ఈ మాట గుర్తుంచుకోండి. దోమలపెంట నుంచి కృష్ణ మీది వంతెన దాకా దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, న్యూట్రల్ చేయకూడదు. క్రాసులకు (ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు తీసుకెళ్ళే కడ్డీ కీళ్ళకు), కమాన్ పిన్నులకు నెలకొకసారి గ్రీజు కొట్టించండి. బండి కదిలేటప్పుడు కింద టక్కుమని కొడితే సాధారణంగా క్రాసు అరిగినట్టు. టైర్ల గోడ మీది నాలుగంకెలలో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. గాడులు బాగున్నా ఆరేడేళ్ళు దాటిన టైరును ఎండాకాలం లోడుకు ముందు చక్రాలకు వేయవద్దు.

మేస్త్రిని ఒక్కరినే పెట్టుకోండి. పాత సామాను మీ చేతికి ఇమ్మని అడగండి, పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. పొద్దున్నే ఆయిలు కడ్డీ, కూలెంటు, బెల్టు, బండి కింద నేల మీద మరకలు చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ పని డ్రైవరుకు కాదు, మీకు పెట్టుకోండి.

మొదటి లోడు సగమే వేయండి. చింతపల్లి, మాల్ ఊళ్ళ మీదుగా హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్టుకు బయలుదేరితే, మాల్ దగ్గర ఆపి దిగి, నాలుగు చక్రాల బ్రేకుల దగ్గరికి అరచేతి వెనక వైపు తీసుకెళ్ళి చూడండి, తాకకుండా. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా వెచ్చగా ఉంటే సరే. ఏదో ఒక్కటి తన జత కంటే బాగా వేడిగా తగిలితే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు బిగుతుగా ఉంది. కాయ దించి, ఖాళీ బండితో నెమ్మదిగా వచ్చి, ముందు ఆ చక్రం విప్పించండి. పూర్తి లోడు ఆ తర్వాతే.